దేవుని సొత్తుకు లెక్క అడిగిన పానగల్ రాజా

మహాశివరాత్రి నాడు శృంగవరపుకోట చెంతనున్న పుణ్యగిరి మీద ఇసుక వేస్తే రాలనంత జనం. చుట్టుపట్ల పల్లెల నుంచి వచ్చిన యాత్రికులు కొండధారలలో స్నానాలు చేసి, తడిబట్టలతోనే శివదర్శనం చేసుకుని, మొక్కుబడులు చెల్లించి కొండ దిగుతారు. హుండీలో వేసిన రూపాయి దేవునికి చేరిందని వారి విశ్వాసం. చేరిన రూపాయిని లెక్కపెట్టేవారు ఎవరు, ఆ లెక్కను సరిచూసేవారు ఎవరు, తప్పు కనబడితే అడిగే హక్కు ఎవరిది అన్న ప్రశ్నలు కొండ దిగేవారికి సామాన్యంగా తట్టవు. నూరేళ్ల క్రితం చెన్నరాజధానిలో ఈ ప్రశ్నల మీదనే పెద్ద వివాదం చెలరేగింది. వాటిని శాసనసభ ముందుంచి సమాధానం రాబట్టినవాడు ఒక తెలుగువాడు. దేవళాల ఊరిలో పుట్టి, సంస్కృతం చదువుకున్న జమీందారు. లోకం ఆయనను పానగల్ రాజా అన్నది. అసలు పేరు పానగంటి రామారాయణింగారు.

రామారాయణింగారు 1866 జూలై 9వ తేదీన శ్రీకాళహస్తిలో జన్మించారు. వాయులింగం వెలసిన ఆ క్షేత్రంలో ఊరి బ్రతుకంతా గుడి చుట్టూ అల్లుకుని ఉంటుంది. గుడి మాన్యాలు, గుడి ఉత్సవాలు, గుడి తగాదాలు అక్కడి పిల్లవానికి ఉగ్గుపాలతో పరిచయమయ్యే విషయాలు. ఆ రోజులలో జమీందారీ కుటుంబాలలో చదువు అవసరం కోసం కాక అలంకారం కోసమే అనుకునేవారు. రామారాయణింగారు అట్లా అనుకోలేదు. చెన్నపట్నం వెళ్లి తిరువళ్లిక్కేణి పాఠశాలలో 1886లో ప్రవేశ పరీక్ష ముగించి, ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1893లో పట్టభద్రులయ్యారు. అక్కడ ఆయన ప్రధానంగా చదివినది సంస్కృతం. పిమ్మట న్యాయశాస్త్రం అభ్యసించారు, ఎం.ఏ. పట్టం కూడా పుచ్చుకున్నారు. ధర్మశాస్త్రం ఒక చేత, ఇంగ్లీషు న్యాయశాస్త్రం ఒక చేత పట్టుకున్న ఈ చదువు మున్ముందు ఎంత అక్కరకు వచ్చిందో చూడబోతాము.

శ్రీకాళహస్తి అప్పుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1907లో ఆ జిల్లా బోర్డు సభ్యత్వంతో ఆయన ప్రజాజీవితం ఆరంభమైంది. 1912లో జమీందారుల ప్రతినిధిగా ఢిల్లీలోని ఇంపీరియల్ శాసనసభకు ఎన్నికై 1915 వరకు పనిచేశారు. జమీందారుల పక్షాన వెళ్లిన మనిషి అక్కడ అణగారిన వర్గాల అభ్యున్నతిని గురించి మాట్లాడడం విశేషం. 1917లో జస్టిస్ పార్టీలో చేరారు. డాక్టరు టి.ఎం. నాయరు, పిట్టి త్యాగరాయశెట్టి స్థాపించిన ఆ పక్షం బ్రాహ్మణేతరులకు ఉద్యోగాలలో, శాసనసభలలో భాగం కావాలని పోరాడుతున్నది. 1919లో ఆ పక్షం తరఫున ఇంగ్లండు వెళ్లి పార్లమెంటు సంయుక్త సంఘం ఎదుట వాదన వినిపించిన బృందంలో రామారాయణింగారు ఒకరు. నాయరు ఆ ప్రయాణంలోనే లండనులో కన్నుమూశారు. బృందం ఆయన లేకుండానే తిరిగివచ్చింది.

1919 సంస్కరణల చట్టం రాష్ట్రాలలో ద్వంద్వ పాలనను ప్రవేశపెట్టింది. పోలీసు, న్యాయం, భూమిశిస్తు వంటి గట్టి శాఖలు గవర్నరు గుప్పిట్లోనే ఉండిపోయాయి. విద్య, వైద్యం, స్థానిక స్వపరిపాలన వంటివి ఎన్నికైన సభకు జవాబుదారులైన మంత్రులకు అప్పగింపబడ్డాయి. ఆ అప్పగించిన జాబితాలో ఒక మూల మతధర్మాదాయాలు కూడా చేరాయి. దొరతనంవారికి అది తలనొప్పి వ్యవహారం. వదిలించుకోవడమే వారికి సుఖం. ఆ ఒక్క మాట వల్ల ఎనభై ఏళ్లుగా ఎవరూ కదపలేని విషయం కదపడానికి వీలు కలిగింది.

ఎందుకు కదపలేకపోయారో తెలియాలంటే కొంత వెనక్కు వెళ్లాలి. రాజులు దేవాలయాలకు భూములిచ్చారు, మఠాలకు అగ్రహారాలిచ్చారు. ఇచ్చిన రాజే వాటిని కనిపెట్టి ఉండేవాడు. కంపెనీ దొరలు రాజ్యానికి వచ్చిన తర్వాత ఆ బాధ్యత కూడా వారి మీద పడింది. 1817లో చెన్నరాజధానిలో 7వ రెగ్యులేషన్ చేసి, దేవాలయాల ఆస్తుల పర్యవేక్షణను రెవిన్యూ బోర్డుకు, దాని కింద కలెక్టర్లకు అప్పజెప్పారు. కలెక్టరు దొరే రథోత్సవానికి జనాన్ని సమకూర్చేవాడు, పూజారి జీతానికి ఉత్తరువిచ్చేవాడు. చాలచోట్ల లెక్కలు చక్కగానే సాగాయి. అయితే క్రైస్తవ మిషనరీలకు ఇది కంటగింపయింది. క్రైస్తవ ప్రభుత్వం విగ్రహారాధనకు కొమ్ముకాయడమేమని సీమలో ఆందోళన లేవదీశారు. ఉత్సవాలలో సైన్యం చేత వందనం చేయించే పద్ధతి తనకు సమ్మతం కాదని చెన్నపట్నం సేనాధిపతి సర్ పెరెగ్రిన్ మెయిట్లండు 1838లో కొలువే వదులుకున్నాడు. ఇక కంపెనీ చేతులు దులుపుకున్నది. 1843లో తిరుమల దేవస్థానం హాథీరాంజీ మఠం మహంతుల వశమైంది. తక్కిన చోట్ల కూడా ధర్మకర్తలకు, స్థానికులకు తాళాలు అప్పగించారు. 1858లో రాణి ప్రకటన వచ్చింది. ప్రజల మతవిషయాలలో జోక్యం చేసుకోబోమని వాగ్దానం జరిగింది. 1863లో 20వ చట్టం చేసి, జిల్లాలలో దేవస్థాన కమిటీలు వేసి, సర్కారు పూర్తిగా తప్పుకున్నది.

చెప్పుకోవడానికి అది మతస్వాతంత్ర్యం. జరిగింది మాత్రం వేరు. కమిటీ సభ్యత్వం యావజ్జీవం, అడిగేవారు లేరు. ధర్మకర్త మాన్యాన్ని బంధువులకు కౌలుకిచ్చినా, నగలు తాకట్టుపెట్టినా, భక్తుడు సివిలు కోర్టుకెక్కి సొంత ఖర్చుతో వాజ్యం నడపవలసిందే. వాజ్యం తేలేసరికి భక్తుడు గతించడమో, పొలం చేతులు మారడమో జరిగేది. ధూపదీపాలు లేని గుడులు ఒక వంక, ఏటి పొడుగునా మాన్యాలున్న గుడులు ఒక వంక. తరచి చూస్తే అవి రెండూ ఒకే గుడి! మంచి ధర్మకర్తలు లేరని కాదు. మన ఉత్తరాంధ్రలో సింహాచల దేవస్థానానికి విజయనగరం పూసపాటివారు వంశపారంపర్య ధర్మకర్తలు. అటువంటి సంస్థానాల పోషణ ఉన్న ఆలయాల సంగతి వేరు. పోషించే దొర లేని గుడికే అవస్థ. చట్టాన్ని సవరించాలని పందొమ్మిదవ శతాబ్దం చివర పలుమార్లు ప్రయత్నాలు జరిగాయి. ప్రతిసారీ జోక్యం చేసుకోరాదన్న పాత వాగ్దానం అడ్డుపడింది.

ఈ దశలో 1920 డిసెంబరులో రామారాయణింగారు సుబ్బరాయలు రెడ్డియారు మంత్రివర్గంలో స్థానిక స్వపరిపాలన మంత్రి అయ్యారు. రెడ్డియారు అనారోగ్యంతో తప్పుకోగా 1921 జూలైలో తానే ప్రథమ మంత్రి అయ్యారు. 1926 డిసెంబరు వరకు, అంటే అయిదేళ్లకు మించి, ఆ పదవిలో ఉన్నారు. రాజా బిరుదు 1922లో వచ్చింది. ఆయన పదవికి వచ్చిన ఏడాదే ప్రీవీ కౌన్సిలు ఒక దక్షిణాది మఠం వాజ్యంలో ముఖ్యమైన తీర్పు చెప్పింది. మఠాధిపతి ఇంగ్లీషు న్యాయశాస్త్రంలో చెప్పే ధర్మకర్త కాడని, ఆస్తి దేవునిది లేక సంస్థదని, అతడు దాని నిర్వాహకుడు మాత్రమేనని ఆ తీర్పు సారాంశం. సొత్తు దేవునిది, దేవుడు కోర్టుకు రాడు, నిర్వాహకుడు లెక్క చెప్పడు! చట్టంలోని ఈ ఖాళీ సంస్కృతం, న్యాయశాస్త్రం రెండూ చదివినవానికి స్పష్టంగా కనబడింది.

1922లో హిందూ మతధర్మాదాయాల బిల్లు శాసనసభ ముందుకు వచ్చింది. రాజధాని మొత్తానికి ఒక బోర్డు ఏర్పడాలి. దేవాలయాలు, మఠాలు ఏటేటా లెక్కలు చూపాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. స్థిరాస్తి అమ్మాలన్నా, తాకట్టుపెట్టాలన్నా, దీర్ఘకాలపు కౌలుకియ్యాలన్నా బోర్డు అనుమతి ఉండాలి. నిర్వహణ చెడిన సంస్థకు బోర్డు ఒక ప్రణాళిక తయారుచేయవచ్చు. అవసరాలు తీరగా మిగిలిన ధనాన్ని మతానికో, విద్యకో, దానధర్మాలకో వినియోగించవచ్చు. వంశపారంపర్య ధర్మకర్తలున్న దేవాలయాలకు కొంత వెసులుబాటు ఉంది. పూజ ఎట్లా చేయాలో, ఏ మంత్రం చెప్పాలో, మఠంలో ఏ సిద్ధాంతం బోధించాలో నిర్ణయించే పని ఈ చట్టం తలకెత్తుకోలేదు. దేవుని జోలికి పోలేదు, దేవుని పెట్టె జోలికి మాత్రమే పోయింది.

అయినా గగ్గోలు లేచింది. మహంతులు, మఠాధిపతులు, వారి ప్లీడర్లు, పత్రికలు కలిసి ఎదిరించారు. స్వరాజ్యవాదులలో వక్తగా పేరెన్నికగన్న సత్యమూర్తి సభలో ప్రతిఘటించారు. వ్యతిరేకుల వాదాలన్నీ స్వార్థంతో చేసినవనడం న్యాయం కాదు. హిందువుల గుడికి హిందువేతరులు కూడా ఉన్న శాసనసభ చట్టం చేయడమేమిటి? పైన గవర్నరు ఇంగ్లీషువాడు, మంత్రులు అతని నీడన ఉన్నవారు. అటువంటి ప్రభుత్వం నియమించే బోర్డు గుడిలో కాలుపెడితే రేపు ఎక్కడ ఆగుతుంది? గుడి ధనాన్ని మిగులు అనే పేరుతో బయటికి తరలించడం దాత సంకల్పానికి ద్రోహం కాదా? ఈ ప్రశ్నలలో పస ఉంది. జస్టిస్ పార్టీ బ్రాహ్మణేతర పక్షం కావడం వల్ల, ఇది గుడి బాగుకు చేసిన చట్టమా, ఒక కులం పలుకుబడి తగ్గించడానికి చేసిన చట్టమా అన్న అనుమానం కూడా ప్రబలింది. పదవులు పంచిపెట్టి పక్షాన్ని నిలబెట్టుకోవడంలో పానగల్ రాజాకు ఉన్న నేర్పు ఆ అనుమానాన్ని పెంచిందే గాని తగ్గించలేదు.

ఆయన మాత్రం తొణకలేదు. గొంతు చించుకుని అరిచే వక్త కారు. ఎదుటివాడు అలసిపోయే వరకు ఓపిక పట్టగలవారు. మఠాలవారి అభ్యంతరాలలో సర్దుకోదగినవి సర్దుకున్నారు. బిల్లు వ్యవహారం నడుస్తుండగానే 1923లో ఎన్నికలు వచ్చాయి, జస్టిస్ పార్టీ బలం తగ్గింది. ఆ నవంబరులో కొత్త సభలో మంత్రివర్గంపై అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టినది ఎవరో కాదు, కవిత్వతత్త్వ విచారం రచించిన కట్టమంచి రామలింగారెడ్డిగారే. మన దేశపు శాసనసభలలో అది మొట్టమొదటి అవిశ్వాస తీర్మానమంటారు. చిత్తూరు సీమ తెలుగువారిద్దరు చెన్నపట్నం సభలో తలపడ్డారు. తీర్మానం వీగిపోయింది, రామారాయణింగారు నిలిచారు. ఆ మంత్రివర్గ కాలంలోనే, గంజాం సీమకు చెందిన విద్యామంత్రి అన్నెపు పరశురామదాసు పాత్రో చొరవతో ఆంధ్ర విశ్వవిద్యాలయ చట్టం వచ్చింది. 1926లో విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దాని తొలి ఉపాధ్యక్షులైనవారు ఆ రామలింగారెడ్డిగారే! ఆనాటి రాజకీయాలలో పగ ఎంత దూరం వెళ్లేదో, ఎక్కడ ఆగేదో దీనివల్ల తెలుసుకోవచ్చు. దేశీయ వైద్యానికి ప్రభుత్వ పాఠశాల చెన్నపట్నంలో వెలసినదీ ఆయన హయాంలోనే.

రెండు శాసనసభలను దాటి, వైస్రాయి ఆమోదం పొంది, ధర్మాదాయాల బిల్లు 1925వ సంవత్సరపు 1వ చట్టమైంది. బోర్డు ఏర్పడింది. హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన సర్ టి. సదాశివయ్యరు దాని తొలి అధ్యక్షులు. జస్టిస్ పార్టీ మంత్రి ఈ పదవికి ఒక బ్రాహ్మణ పండితుని ఎన్నుకోవడం గమనార్హం. మఠాలవారు అంతటితో ఊరుకోలేదు. బిల్లు సభలో నెగ్గిన తీరు సక్రమంగా లేదని చట్టం చెల్లుబాటును ప్రశ్నించారు. సందేహం మిగలకుండా దానిని రద్దుచేసి, అవే ఆశయాలతో మరొక చట్టం చేయవలసివచ్చింది. అదే 1927వ సంవత్సరపు 2వ చట్టం. సుమారు పాతికేళ్లు చెన్నరాజధానిలోని దేవాలయాలు ఆ చట్టం నీడనే నడిచాయి. నాటి విశాఖపట్నం జిల్లాలోని శృంగవరపుకోట తాలూకా నుంచి కన్యాకుమారి దారిలోని తిరునెల్వేలి దాకా దాని పరిధి.

అదే 1925లో పంజాబులో గురుద్వారాల చట్టం వచ్చింది. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడం విద్యార్థులకు మేలు చేస్తుంది. అక్కడా జబ్బు ఒకటే: మహంతులు గురుద్వారాల ఆస్తులను సొంతం చేసుకున్నారు. మందు వేరు. 1921 ఫిబ్రవరిలో నన్‌కానా సాహెబులో మహంతు మనుషులు భక్తులను ఊచకోత కోశారు. అకాలీలు వేల సంఖ్యలో జైళ్లకు వెళ్లారు. చివరకు ప్రభుత్వం దిగివచ్చి, సిక్కులు తామే ఎన్నుకున్న సంఘానికి గురుద్వారాలను అప్పగించింది. చెన్నరాజధానిలో ఒక్క నెత్తురుబొట్టు చిందలేదు. సభలో ఓట్లతో పని ముగిసింది. కాని ఇక్కడ పర్యవేక్షణ భక్తులు ఎన్నుకున్న సంఘానికి కాక ప్రభుత్వం నియమించిన బోర్డుకు వెళ్లింది. లెక్క అడిగే అధికారి దొరికాడు, ఆ అధికారిని లెక్క అడిగే హక్కు భక్తునికి దొరకలేదు. పానగల్ రాజా కట్టిన ఇంటికి ఇదే కొరత. వేల గుడులు, వందల సంప్రదాయాలు, ఎన్నో కులాలు ఉన్న హిందూ సమాజంలో ఓటర్ల జాబితా ఎవరు తయారుచేయగలరని ఆయన పక్షాన అనవచ్చు. అయినా కొరత కొరతే.

స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత ఆ కొరత పెద్దదయింది. 1951 చట్టం బోర్డును తీసివేసి, దాని స్థానంలో ప్రభుత్వ శాఖను, కమిషనరును పెట్టింది. సంస్థల ఆదాయంలో నూటికి అయిదు వరకు వసూలు చేయవచ్చునన్నది. అప్పటికి రాజ్యాంగం అమలులో ఉంది. 25వ అధికరణం వ్యక్తికి మతస్వాతంత్ర్యమిచ్చి, మతంతో ముడిపడిన ఆర్థిక లౌకిక వ్యవహారాలను క్రమబద్ధం చేసే అధికారాన్ని రాజ్యానికి మిగిల్చింది. 26వ అధికరణం మతశాఖలకు తమ మతవిషయాలు తామే చూసుకునే హక్కునూ, ఆస్తిని చట్టానుసారం నిర్వహించుకునే హక్కునూ ఇచ్చింది. ఉడుపి అష్టమఠాలలో ఒకటైన శిరూరు మఠం పర్యాయోత్సవాల ఖర్చులతో అప్పులపాలు కాగా, అధికారులు దాని నిర్వహణకు ప్రణాళిక వేయబూనారు. స్వామివారు కోర్టుకు వెళ్లారు. 1954లో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. ఏ పూజ, ఏ ఆచారం మతానికి ప్రాణమో తేల్చుకునే స్వేచ్ఛ మతశాఖదే. అందులో బయటి అధికారికి ప్రమేయం లేదు. ఆస్తి నిర్వహణను చట్టం అదుపుచేయవచ్చు, కాని నిర్వహణ హక్కునే ఊడబెరికి మరొకరి చేత పెట్టరాదు. ఈ కొలతతో 1951 చట్టంలోని పలు సెక్షన్లు ఎగిరిపోయాయి. ఆదాయంలో భాగం వసూలు చేయడం రుసుము కాదు, పన్ను అని ఆ సెక్షను కూడా కొట్టివేశారు. చట్టపు వెన్నెముక మాత్రం నిలిచింది. దేశంలో మతస్వాతంత్ర్యం మీద నేటికీ ఏ వాజ్యం వచ్చినా న్యాయవాదులు ముందుగా తిరగవేసేది ఆ తీర్పునే. ఆంధ్రప్రదేశ్ తనకంటూ 1966లో ఒక చట్టం, చల్లా కొండయ్య సంఘం నివేదిక తర్వాత 1987లో మరొకటి చేసుకున్నది. పేర్లు మారాయి, అధికారులు పెరిగారు. లెక్క చూపవలసిందే అన్న మొదటి సూత్రం మారలేదు.

రామారాయణింగారు వీటిలో దేనినీ చూడలేదు. 1925లో త్యాగరాయశెట్టి మరణించిన తర్వాత పార్టీ భారం కూడా ఆయన మీదనే పడింది. 1926 ఎన్నికలలో స్వరాజ్య పక్షం అందరికంటె ఎక్కువ స్థానాలు గెలిచింది. మంత్రిపదవులు స్వీకరించబోమన్నది వారి నియమం. గవర్నరు ఏ పక్షానికీ చెందని డాక్టరు సుబ్బరాయన్‌ను ప్రథమ మంత్రిని చేశాడు. అయిదేళ్లు ఏలిన చోట పానగల్ రాజా ఎదుటి బల్లమీద కూర్చున్నారు. ఓడిన తర్వాత కూడా ఆయన మాటకు సభలో బరువు తగ్గలేదని, 1928లో సుబ్బరాయన్ మంత్రివర్గం చిక్కులలో పడినప్పుడు జస్టిస్ పార్టీ మద్దతే దానిని నిలబెట్టిందని చరిత్ర చెబుతున్నది. ఆ ఏడాది డిసెంబరు 16వ తేదీన, అరవై రెండవ ఏట ఆయన కన్నుమూశారు. పార్టీ నాయకత్వం మరొక చిత్తూరు జిల్లా తెలుగువాడు మునుస్వామినాయుడికి సంక్రమించింది.

ఆయన ఊరికి కూతవేటు దూరంలోనే ఉన్న తిరుమలలో మహంతుల పాలన ఆయన బ్రతికి ఉన్నంతకాలం సాగుతూనే ఉన్నది. 1843లో మొదలైన ఆ పాలన 1933లో ముగిసింది. తిరుమల తిరుపతి దేవస్థానాలకు ప్రత్యేక చట్టం వచ్చి, కమిటీ, కమిషనరు ఏర్పడ్డారు. అప్పుడు చెన్నరాజధాని ప్రథమ మంత్రి బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావుగారు.